రెండో అంతస్తులో పాఠం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆవిడ పేరు కరపత్రంలో వేయొద్దని కుటుంబం కోరింది. ఈ మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ గల్లీల్లో ఆవిడ అందరికీ సిస్టరమ్మే. రిటైరయ్యాక కూడా చేతిసంచిలో బీపీ మిషన్ వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన నర్సు. ఆవిడను నాలుగు మాటలు పొగిడి దిగిపోదామంటే నిర్వాహకులు ఒప్పుకోలేదు. అందుకని ఆవిడ ఒంటిచేత్తో చేసుకొచ్చిన పనిని నలుగురికి కలిపి ఎలా నేర్పాలన్నదే ఈ పూట నా విషయం. ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులను విడివిడిగా కాకుండా ఒక జట్టుగా వృద్ధుల ఇళ్ళకు పంపాలి, పాఠం అక్కడే చెప్పాలి అంటాను.

ఈ ప్రాంతం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. రేపు పుస్తకంగా అచ్చయితే వేరే ఊళ్ళవాళ్ళూ చదువుతారు కాబట్టి హైదరాబాద్‌లోని ఈ మూల గురించి రెండు ముక్కలు. ఈసీఐఎల్ 1967లో, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో వచ్చాయి. అటు మౌలాలిలో రైల్వే, ఇటు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు. ఆ రోజుల్లో పాతికేళ్ళకు పనిలో చేరినవాళ్ళకు ఇవాళ డెబ్బై ఐదు దాటాయి. జాగా కొనుక్కుని ముందు కింద పోర్షన్ కట్టుకున్నారు. పిల్లల పెళ్ళిళ్ళప్పుడు పైన ఇంకొకటి వేశారు. అద్దె వస్తుందని కింద ఇచ్చేసి తాము పైకెక్కారు. మోకాళ్ళు మాట విన్నన్నాళ్ళూ మెట్లు లెక్కలోకి రాలేదు.

వైద్యం దగ్గర్లో లేదా అంటే ఉంది. నాచారంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. కనీసం ఐదేళ్ళు ఈఎస్‌ఐ కిందున్న ఉద్యోగం చేసి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఈ హాల్లోనే ఉంటే రేపే వెళ్ళి కనుక్కోండి. 2018లో బస్తీ దవాఖానాలకు శ్రీకారం చుట్టింది కూడా మన పక్కనున్న మల్కాజిగిరిలోనే. అవన్నీ మనిషి వచ్చి వరుసలో నిలబడితే పనిచేసేవి. రెండో అంతస్తు దిగలేని మనిషి వాటి లెక్కలోకే రాదు. ఆ మనిషికి మిగిలింది ఇంటికొచ్చి సెలైన్ ఎక్కించే ఆర్‌ఎంపీ, ఫోను చేస్తే మాత్రలు పంపే మెడికల్ షాపు.

ఒక ఇల్లు చెబుతాను. ఎవరిదో పోల్చుకోకుండా వివరాలు కొన్ని మార్చాను.

డెబ్బై ఆరేళ్ళ పెద్దావిడ. బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. ఆ మాత్రతో కొందరికి పాదాలు వాస్తాయి. ఈవిడకూ వాచాయి. ఇంకో క్లినిక్‌లో చూపిస్తే నీళ్ళు పోయే మాత్ర రాశారు. ఎప్పుడు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు, రాత్రి అన్నం తిన్నాక వేసుకునేది. అర్ధరాత్రి మూడుసార్లు లేవడం, చీకట్లో బాత్‌రూమ్ గడప తట్టుకోవడం, ఒకసారి పడి మణికట్టు విరగడం. నొప్పికి మెడికల్ షాపు మాత్రలు. వాటిలో చాలా రకాలు బీపీని పెంచుతాయి. బీపీ పెరిగిందని ఆమ్లోడిపిన్ మోతాదు పెంచారు. వాపు ఇంకా పెరిగింది. ఒక మందు చేసిన చెరుపును కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాసే ఈ వరసకు రోషాన్, గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వ్యాసంలో ‘ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్’ అని పేరుపెట్టి వివరించారు. మల్లాపూర్‌లో అది పేరు లేకుండానే నడుస్తోంది. గమనించండి, ఇందులో తప్పు మందు రాసినవాళ్ళెవరూ లేరు. ప్రతి ఒక్కరూ తన ముందున్న ముక్కకే వైద్యం చేశారు.

ఆ ఇంటికి నలుగురు విద్యార్థులు వెళ్ళారు. వెంట ఒక డాక్టరు, ఒక సీనియర్ నర్సు. ఎంబీబీఎస్ అబ్బాయి అలవాటు కొద్దీ ఫైలు తెరిచి ఎక్స్‌రే వెలుతురుకు పట్టాడు. ఫార్మసీ అమ్మాయి “మందుల డబ్బా ఏదమ్మా?” అని అడిగి, రస్కుల డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించింది. అందులో రెండు వేర్వేరు పేర్లతో ఉన్న స్ట్రిప్పులు నిజానికి ఒకటే మందు. ఆవిడ రెండూ వేసుకుంటోంది. నర్సింగ్ అమ్మాయి పడుకోబెట్టి బీపీ చూసింది, లేపి నిలబెట్టి మొదటి నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి చూసింది. పై అంకె ఇరవైకి మించి పడిపోయింది. ఫిజియో అబ్బాయి ఏమీ అడగలేదు. “బాత్‌రూమ్ దాకా నడిచి చూపించు అమ్మమ్మా” అని వెనకే నడిచాడు. గడప దాటేటప్పుడు ఆవిడ ఆసరాకు పట్టుకున్నది నీళ్ళ పంపు. అది ఊగుతోంది.

అప్పుడు నర్సింగ్ అమ్మాయికి ఆవిడ చెప్పిన మాట ఏ ఫైల్లోనూ లేదు. “నాలుగ్గొట్టినంక నీళ్ళు ముట్టను బిడ్డా. రాత్రి లేవాలె గదా.”

తరవాత మెట్ల మీద కూర్చుని నలుగురూ గట్టిగానే వాదించుకున్నారు. ఆమ్లోడిపిన్ వాపుకు నీళ్ళ మాత్ర పెద్దగా పనిచేయదంటుంది ఫార్మసీ అమ్మాయి. మరి బీపీ సంగతేమిటంటాడు డాక్టరు కాబోయేవాడు. నిలబడ్డప్పటి అంకె చూడకుండా మాట్లాడకు అంటుంది నర్సింగ్ అమ్మాయి. మందు మార్చింది వెంట వెళ్ళిన డాక్టరే, విద్యార్థులు కాదు. అది అలాగే ఉండాలి. ప్లంబర్ వచ్చి గోడకు స్టీల్ కమ్మీ బిగించిపోయాడు.

ఈ వాదన ఆస్పత్రి వార్డులో జరగదు. అక్కడ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు నోరు విప్పాలో మొదటి వారంలోనే నేర్చేసుకుంటారు. రౌండ్స్‌లో ప్రొఫెసరు వెనక మెడికోలు, వాళ్ళ వెనక నర్సు, ఫార్మసిస్టు ఎక్కడో కింద మందుల కౌంటర్లో. ఇంట్లో అందరిదీ ఒకే చాప. పైగా అక్కడ యజమానురాలు పేషెంటు. చెప్పులు ఎక్కడ విడవాలో ఆవిడ చెబుతుంది. ఆ ఒక్క తేడాకే నేను ఇంటి పాఠానికి ఓటేస్తాను.

ఇది నా కొత్త ఊహ కాదు. బోస్టన్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులు 1875 నుంచి రోగుల ఇళ్ళకు వెళ్తున్నారు. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయం 1986లో వైద్య, నర్సింగ్ వగైరా విద్యార్థులందరికీ మొదట్లోనే ఉమ్మడి కోర్సు పెట్టింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉమ్మడి విద్యకు ఒక చట్రమే ప్రకటించింది. వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలన్నది దాని సారాంశం. అంత దూరం ఎందుకు, చిత్తూరు జిల్లావాళ్ళు తరతరాలుగా వైద్యానికి వెళ్ళే రాయవేలూరు సీఎంసీలో వైద్య, నర్సింగ్, అనుబంధ కోర్సుల విద్యార్థులు కలిసి పల్లెలో మకాం వేసి ఇంటింటికీ తిరిగే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

మరి మన దగ్గర అడ్డేమిటి? మనసు లేకపోవడం కాదు, క్యాలెండరు. ఎంబీబీఎస్‌కు జాతీయ వైద్య కమిషన్, నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, ఫిజియోథెరపీకి 2021 చట్టంతో వచ్చిన మరో కమిషన్. నర్సింగ్ పరీక్షలు కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెడుతుంది, తార్నాకలోని ఫార్మసీ కాలేజీ పరీక్షలు ఉస్మానియావి. వీళ్ళకు ఒక ఖాళీ గురువారం దొరకడమంటే గ్రహాలు కలవడమే. దానికి తోడు మార్కులు లేని పనిని మన పిల్లలు చదువుగా లెక్కించరు. వాళ్ళను తప్పుపట్టను, మనం నేర్పిందే అది.

సందు మాత్రం ఉంది. వైద్య కమిషన్ 2022లో కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చింది. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని కుటుంబాలను ఎంచుకుని చదువు పొడుగునా వాళ్ళ ఆరోగ్యం గమనించాలి. మంచి ఆలోచనే. కానీ అది పల్లెల కోసం రాసింది, డాక్టరు చదివేవాళ్ళ కోసమే రాసింది. మల్లాపూర్ ముసలమ్మ పట్నంలో ఉండటం ఆవిడ తప్పా? నర్సింగ్ విద్యార్థులకు ఎటూ కమ్యూనిటీ పోస్టింగ్ ఉంది. ఈ రెంటినీ ఒకే ఇంటికి, ఒకే రోజుకు కలిపితే సగం పని అయిపోతుంది. మార్కులు నలుగురికీ కలిపి ఒక్కటే ఇవ్వాలి. ఒకడి తెలివికి ఇంకొకడు అవసరమయ్యేది అప్పుడే.

నలుగురితో ఆగనక్కర్లేదు కూడా. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రివాళ్ళు హైదరాబాద్ చుట్టుపక్కల 41 వృద్ధాశ్రమాల్లో సుమారు 1,200 మందిని పరీక్షించారు. దాదాపు 30 శాతం మందికి చూపు లోపం ఉంది. అందులో ఎక్కువ శుక్లాల ఆపరేషన్‌తోనో కళ్ళజోడుతోనో సరయ్యేదే. గడప కనపడక పడేవాళ్ళకు కాలి కసరత్తు ఒక్కటే నేర్పితే లాభమేముంది? ఆప్టోమెట్రీ విద్యార్థి కూడా మెట్లెక్కాలి. పోషకాహారం సంగతికొస్తే, 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ మనకు ఆటో దూరంలో ఉంది, వాళ్ళనూ కలుపుకోవచ్చు.

ఇక ఏ కౌన్సిల్ జాబితాలోనూ లేని ఒక మనిషి. ఆ ఇంటి కోడలు, లేదా ఏజెన్సీ నుంచి వచ్చిన కేర్‌టేకర్. పడక పుండు రాకుండా రెండేసి గంటలకు అటూ ఇటూ తిప్పేది, డైపర్ మార్చేది, అత్తగారి తిట్లు తినేది వాళ్ళే. విద్యార్థులు వెళ్ళినప్పుడు ఆవిడను మంచినీళ్ళు తెమ్మని వంటింట్లోకి పంపడం చూశాను. ఆ పాఠంలో మొదటి గురువు ఆవిడే. ఎలా తిప్పితే నొప్పి పుట్టదో, ఏ పూట కోపం వస్తుందో ఆవిడకే తెలుసు. మంచం ఎక్కినవాళ్ళను వెల్లకిలా నుంచి పక్కకు ఒడుపుగా తిప్పడం ఫిజియో విద్యార్థి ఆవిడకు నేర్పాలి, ఆవిడ వీపు నొప్పి కూడా అడగాలి.

క్యాన్సర్, ముదిరిన జబ్బులున్నవాళ్ళ ఇళ్ళకు మన రాష్ట్రంలో ‘ఆలన’ బండ్లు వెళ్తున్నాయి. ఆ బండిలో ఖాళీ ఉన్నప్పుడల్లా ఇద్దరు విద్యార్థులను, వేర్వేరు కాలేజీల నుంచి, ఎక్కించండి. కొత్త భవనం అక్కర్లేదు.

చివరిగా నా భయం ఒకటి చెప్పాలి. విద్యార్థులు వస్తారు, ఫొటో దిగుతారు, సెమిస్టర్ అయ్యాక వెళ్ళిపోతారు. పెద్దావిడ మాత్రం వచ్చే గురువారానికి కుర్చీలు తుడిచి పెట్టుకుని ఉంటుంది. అందుకని ఏ ఇంటినైనా జట్టుకు అప్పగించే ముందు ఆ బస్తీ దవాఖానా నర్సో, ఏఎన్‌ఎమ్మో “విద్యార్థులు వెళ్ళాక ఈ ఇంటికి నేను వస్తాను” అని రిజిస్టర్‌లో సంతకం చేయాలి. ఆ పనికి ఆవిడకు టైము, బండి ఖర్చు కేటాయించాలి. ఆ సంతకం పడేదాకా ఏ కాలేజీ బస్సూ మల్లాపూర్ గల్లీలోకి రావద్దని కాలనీ సంఘాలే అడ్డం నిలబడాలి.