శ్రమగౌరవమునకు కొలబద్ద



మన యొంటిమీద నున్న చొక్కాను ఏ యూర, ఎవరు కుట్టిరో మన మెఱుగము. కుట్టిన మనిషికి తగిన కూలి ముట్టినదా, ఆ కర్మాగారమున నిప్పంటుకొన్నచో బయటపడు దారి యున్నదా అనునది అంతకంటెను ఎఱుగము. ఇట్టి ప్రశ్నలను మనకు మారుగా అడుగుటకై ప్రపంచమున కొన్ని సంస్థలు వెలసినవి. అవి విస్తారమైన ధనము వెచ్చించి అనేక కార్యక్రమములు నడపుచున్నవి. వాని వలన శ్రామికునకు నిజముగా ఒరిగిన దేమి? దానిని కొలుచుట యెట్లు? నేటి ప్రసంగమున మేము ఈ విషయమును మీతో ముచ్చటింప దలచినాము.

అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో ఏర్పడినది. ప్రభుత్వములు, యజమానులు, కార్మికులు, ఈ మూడు పక్షముల ప్రతినిధులును ఒకే సభలో కూర్చుండి నిర్ణయములు చేయుట దాని విశేషము. 1944లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన సమావేశములో, శ్రమ అంగడి సరకు కాదని ఆ సంస్థ చాటినది. 1999లో నాటి డైరెక్టరు జనరలు హువాన్ సొమావియా గౌరవప్రదమైన పని యను భావమును సంస్థకు ప్రధాన లక్ష్యముగా నిలిపెను. ఉపాధి, పనిలో హక్కులు, సామాజిక రక్షణ, మూడు పక్షముల మధ్య సంభాషణ, ఈ నాలుగును దానికి స్తంభములు. 2022లో ప్రమాదరహితము, ఆరోగ్యకరము నైన పనిచోటు కూడ ప్రాథమిక హక్కులలో చేర్చబడినది.

ఆశయములు గొప్పవే. కాని ఇల్లలుకగనే పండుగ కాదు గదా! ఒక కార్యక్రమము ముగిసినప్పుడు ఎన్ని సభలు జరిగినవి, ఎందరికి శిక్షణ యిచ్చిరి, ఎన్ని దేశములు ఒడంబడికపై సంతకము చేసినవి అని నివేదికలు లెక్కించును. ఇవి చేసిన పనికి లెక్కలే కాని కలిగిన ఫలమునకు లెక్కలు కావు. బాలలచే మిక్కిలి హానికరమైన పనులు చేయింపరాదను 182వ ఒడంబడిక 1999లో వచ్చినది. మన దేశము దానిని 2017లో ఆమోదించినది. 2020 నాటికి సంస్థలోని 187 సభ్యదేశములును ఆమోదించినవి. ఇది ఆ సంస్థ చరిత్రలో మున్నెన్నడును జరుగని విషయము. మఱి బాలల మాట యేమి? ప్రపంచమున బాలకార్మికుల సంఖ్య 2000లో 24 కోట్ల 60 లక్షలని అంచనా. 2016లో 15 కోట్ల 20 లక్షలు. ఒడంబడిక సర్వామోదము పొందిన 2020లోనే అది 16 కోట్లకు పెరిగినది. 2024 అంచనా 13 కోట్ల 80 లక్షలు. 2025 నాటికి బాలల శ్రమ సమసిపోవలెనని ప్రపంచదేశములు పెట్టుకొన్న గడువు నెరవేరలేదు.

సంఖ్య తగ్గిన మాట నిజము. ఆ తగ్గుదలలో కార్యక్రమముల పాలెంత, బడులు పెరుగుటచేత వచ్చిన దెంత, తల్లిదండ్రుల రాబడి మెరుగగుటచేత వచ్చిన దెంత? ఈ కార్యక్రమమే లేకున్నచో ఏమి జరిగియుండెడిది అని అడుగనిదే మూల్యనిర్ణయము పూర్తి కాదు. వాన కురిసిన యేడు పంట పండినదని ఎరువులు అమ్మినవాడు గొప్పలు చెప్పుకొన్నచో రైతు ఒప్పుకొనునా?

ఇట్టి ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలిగిన అనుభవము కంబోడియా దేశమున లభించినది. 1999లో ఆ దేశము అమెరికాతో వస్త్రవ్యాపారపు ఒప్పందము చేసుకొన్నది. కార్మిక చట్టములను చక్కగా పాటించినచో ఎగుమతుల కోటాను పెంచెదమని అమెరికా అంగీకరించినది. పాటించుచున్నారో లేదో చూచు బాధ్యత కార్మిక సంస్థకు అప్పగింపబడినది. 2001 నుండి తనిఖీదారులు ముందుగా తెలుపకయే దుస్తుల కర్మాగారములకు పోయి చూడసాగిరి. లోపములు దిద్దుకొనని కర్మాగారముల పేర్లు బహిరంగముగా ప్రకటించిరి. 2004తో కోటా పద్ధతి అంతరించినది. 2006లో పేర్లు ప్రకటించుట కూడ నిలిపివేసిరి. పరిశోధకులు ఆ ముందువెనుకల లెక్కలు పోల్చి చూడగా, పేర్లు దాచిన పిదప అభివృద్ధి మందగించినదని తేలినది. అంతవరకు సాధించినది మాత్రము వెనుకకు పోలేదు. విమర్శలు వచ్చిన మీదట 2014లో పేర్ల ప్రకటన మరల ఆరంభమైనది. తనిఖీ మంచిదే, కాని దాని ఫలితము నలుగురికి తెలిసినప్పుడే దానికి బలమెక్కువ యని ఈ పోలిక తెలుపుచున్నది.

అదే దేశములో కథ మరియొక వైపునను కలదు. చట్టము చెప్పిన కూలి ముట్టినదా అని తనిఖీదారు చూచును. ఆ కూలితో ఇల్లు గడచునా అనునది అతని పట్టికలో లేదు. 2013లో అచ్చట కనీస వేతనము నెలకు 80 డాలర్లు. అది చాలదని కార్మికులు వీధికెక్కిరి. 2014 జనవరిలో నామ్ పెన్ నగరమున సైనిక పోలీసులు కాల్పులు జరుపగా నలుగురైనను మరణించిరి. వేతనము 2014లో 100 డాలర్లకును, 2015లో 128 డాలర్లకును పెరిగినది. పట్టికలు నింపుటవలన గాక, కార్మికులు నోరు విప్పుటవలన వచ్చిన పెంపు ఇది.

ఇక ప్రభుత్వేతర ధ్రువపత్రముల సంగతి. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు. ఆ మెతుకును ఏరి మన చేతికిచ్చునది వంటవాడే అయినప్పుడు ఆ పరీక్షకు విలువ యేమి? 2012 సెప్టెంబరులో కరాచీ నగరపు దుస్తుల కర్మాగారమొకటి తగులబడి 250 మందికి పైగా మరణించిరి. కొద్ది వారముల ముందే దానికి సక్రమముగా నడచుచున్నదను అంతర్జాతీయ ధ్రువపత్రము లభించియున్నది. పరీక్ష చేయించుకొనువాడే రుసుము చెల్లించు ఏర్పాటులో ఇట్టి ప్రమాదము పొంచియుండును.

మేలు చేయబోయి కీడు తెచ్చిన సందర్భములును లేకపోలేదు. బాలలు చేసిన సరకును నిషేధింపవలెనని 1990ల తొలినాళ్ళలో అమెరికా శాసనసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టిరి. అది చట్టము కాకముందే, భయపడిన బంగ్లాదేశపు యజమానులు వేలకొలది పిల్లలను దుస్తుల కర్మాగారములనుండి తొలగించిరి. వారిలో పలువురు బడికి పోలేదు. రాళ్ళు కొట్టుట వంటి మరింత కష్టమైన పనులకు పోయిరి. కర్మాగారముల లెక్క మాత్రమే చూచినవారికి అది విజయమువలె కనిపించియుండును. పిదప 1995లో యజమానుల సంఘము, కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలసి ఒప్పందము చేసుకొని, బడి చూపిన తరువాతనే పిల్లలను పనినుండి తప్పించు పద్ధతిని ఏర్పరచినవి.

తుదకు మన యిండ్లకు దగ్గరి ఉదాహరణము. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతములనుండియు, కడప, గోదావరి జిల్లాలనుండియు ఎందరో గల్ఫు దేశములకు పోవుచుందురు. వానిలో ఖతారు ఒకటి. దానిపై 2014లో కార్మిక సంస్థకు ఫిర్యాదు వచ్చినది. 2017లో ఆ ఫిర్యాదు ముగిసి, సహకార కార్యక్రమము కుదిరినది. 2018లో దోహాలో సంస్థ కార్యాలయము తెరచినది. ఉద్యోగము మారుటకు యజమాని అనుమతి అక్కరలేదని 2020లో చట్టము చేసిరి. ఏ దేశపువారికైనను నెలకు 1000 రియాళ్ళ కనీస వేతనము 2021 మార్చినుండి అమలైనది. వేసవి యెండలో ఆరుబయటి పనిని నిషేధించు వేళలు ఆ యేడే పెంచిరి. ఇవి సామాన్యమైన మార్పులు కావు.

అయినను, 2020లో పనిచోట 50 మంది మరణించిరనియు, 500 మందికి పైగా తీవ్రముగా గాయపడిరనియు తెలిపిన సంస్థ నివేదికయే, మరణముల విచారణలోను, లెక్కల సేకరణలోను లోపములున్నవని ఒప్పుకొనినది. ఆరోగ్యముగా పోయిన యువకుడు నిద్రలో మరణించినాడని మాత్రమే కాగితమున వ్రాసి శవపేటికను పంపినచో, ఆ మరణము ఏ పట్టికలోను చేరదు. తండ్రికి కారణము తెలియదు, భార్యకు పరిహారము రాదు. మరియొక సంగతి. ఏజెంటుకు ఇచ్చుటకై నూటికి రెండు మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చిన అప్పు దోహా లెక్కలలో కనబడదు, ఊరిలోనే యుండును. ఆ అప్పు మెడమీద నున్నంతవరకు, యజమానిని మార్చు హక్కు చట్టములో నున్నను, పని పోవునేమో యను భయముతో కార్మికుడు దానిని వాడుకొనలేడు. కావున ఇట్టి కార్యక్రమమును కొలువ దలచినవారు దోహాలో ఆరంభింపరాదు. అతడు బయలుదేరిన యింటి గడపలో ఆరంభింపవలెను.

మా దృష్టిలో ఏ కార్యక్రమమునైనను మూడు ప్రశ్నలు అడుగవలెను. పరీక్ష చేసినవానికి పరీక్షింపబడినవాని సొమ్ముతో పని కలదా? ఫలితము అందరి యెదుటను ప్రకటితమైనదా? కార్మికుని మాట, యజమాని లేనిచోట, అతని భాషలో విన్నారా? ఈ మూడిటికిని సంతృప్తికరమైన జవాబు లభింపనిచో, నివేదిక ఎంత లావైనను దానిని నమ్మవలసిన పని లేదు. లభించినచో, అంకెలు చిన్నవైనను ఆ కార్యక్రమము నిలుపదగినది.

పరదేశమునుండి సెలవుపై వచ్చిన బంధువును జీతమెంత యని మనమందరము అడుగుదుము. ఇకమీదట, ఆ జీతము నెలనెలా వేళకు ముట్టుచున్నదా, పాసుపోర్టు నీ చేతిలోనే యున్నదా, పోవునపుడు చేసిన అప్పు తీరినదా అని కూడ అడుగుదము. కొలత అచ్చటనే మొదలగును.