పని చెప్పే ఇంగ్లీషు

(శుక్రవారం దోహాలో మన క్యాంపు ఇంగ్లీషు క్లాసులో చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేనోళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.)

వారానికి ఒక్క సెలవు. బట్టలు ఉతుక్కోవాలె, ఇంటికి ఫోన్ చేసుకోవాలె. అయినా ఇంతమంది వచ్చిండ్రు, సంతోషం.

ఇయ్యాల నేను ముఖ్యంగా రూములో మిగతావాళ్లకు ఇంగ్లీషు నేర్పుతున్న అన్నలతో మాట్లాడుత. మీరు 'వాట్ ఈజ్ యువర్ నేమ్', 'హౌ ఆర్ యూ' తోటి మొదలుపెడతరు. మంచిదే. కానీ నాలుగేండ్ల నుంచి సైటుల పనిచేస్తున్న మేస్త్రీకి కావాల్సింది ఆ ముచ్చట్లు కాదు. నేపాలీ తమ్మునితో హిందీల ఎట్లనో నడుస్తది. ఫిలిప్పీన్స్ ఆయనతో, కెన్యా ఆయనతో నడవదు. వాళ్లకు పని చెప్పాలంటే ఇంగ్లీషే దిక్కు. అది రాకపోతే చేతిల ఎంత పనితనం ఉన్నా ఛార్జ్‌హ్యాండ్ పోస్టు పక్కాయనకు పోతది. పోస్టు సంగతి అటుంచండి, ఒక్క తప్పు మాటకు వేళ్లు నలుగుతయి.

ఒక మాట చూడండి, 'వదిలెయ్'. చేతిలున్నది విడిచిపెట్టు అన్నా వదిలెయ్ అంటం, పర్వాలేదు అట్లనే ఉండనీ అన్నా వదిలెయ్ అంటం. మనోళ్లు రెండిటికీ 'లీవ్ ఇట్' అనేస్తరు. ఇద్దరు షట్టరింగ్ పలక పట్టుకుని నిలబడ్డరు అనుకోండి. మూల జెర వంకర ఉందని అవతలాయన సరిచేయబోతుండు. ఫర్వాలేదులే అని మీరు 'లీవ్ ఇట్' అన్నరు. ఆయన చేతులు తీసేసిండు. ఇగ బరువంతా ఎవరి మీద పడ్డట్టు? అందుకే ఈ మాటను విడదీసి నేర్పండి. ఉండనీ అనాలంటే 'ఇట్ ఈజ్ ఓకే, కీప్ హోల్డింగ్'. దించాలంటే 'లోయర్ ఇట్ స్లోలీ'. కింద ఆనినంక మాత్రమే 'నౌ లెట్ గో'. నోటితో చెప్పి సరిపెట్టొద్దు, బియ్యం బస్తా ఇద్దరితో పట్టించి చెప్పించండి.

'డోంట్' కూడా అట్లాంటిదే. గ్రైండర్, కంప్రెసర్ మోతల 'డోంట్ స్టార్ట్' అంటే మొదటి ముక్క గాలికి పోయి 'స్టార్ట్' ఒక్కటే వినబడొచ్చు. ఆపాలంటే 'స్టాప్', ఆగాలంటే 'వెయిట్' అని చెయ్యి ఎత్తి చూపాలె. క్రేన్ పనిల సిగ్నల్ ఇచ్చేది ఒక్కరే, కానీ 'స్టాప్' సిగ్నల్ ఎవరిచ్చినా ఆపరేటర్ ఆపాల్సిందే. నిన్న దిగిన హెల్పర్‌కైనా ఆ హక్కు ఉంది. అది వాళ్లకు మొదటి రోజే చెప్పండి.

మనోళ్లు ఎక్కువ తడబడేది ఎక్కడంటే, తెలుగుల పని మాట చివర వస్తది. 'ఆ రెండు పైపులు ఇటు తీసుకురా.' ఇంగ్లీషుల 'బ్రింగ్' ముందు రావాలె. మనాయన 'దట్ టూ పైప్...' అని మాట కోసం ఎతుకుతుంటడు, ఆలోపల అవతలాయన ఆ పైపును కోయడం మొదలుపెడతడు. కాబట్టి గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి, పని మాటలు పది నేర్పండి చాలు: బ్రింగ్, హోల్డ్, లిఫ్ట్, లోయర్, పుష్, పుల్, కట్, టైటెన్, లూజెన్, స్టాప్. ముందు ఆ మాట, తర్వాత వస్తువు, తర్వాత చోటు. 'బ్రింగ్ టూ పైప్స్ హియర్.' ఒక్కసారికి ఒక్క పనే.

కొందరు అడుగుతరు, పెద్దాయనను పట్టుకుని 'బ్రింగ్' అంటే 'తీసుకురా' అన్నట్టు కాదా అని. కాదన్నా. తీసుకురా అన్నా, తీసుకురండి అన్నా వాళ్లకు అదే మాట. మర్యాద 'ప్లీజ్'ల, గొంతుల ఉంటది. ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం ప్లీజ్ కోసం ఆగొద్దు.

అంకెల సంగతి మేస్త్రీలకు తెలుసు. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' చెవికి ఒక్కతీరే ఉంటయి. 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని విడిగా చెప్పి, టేపు మీద వేలు పెట్టి చూపాలె.

చెప్పినంక 'అండర్‌స్టాండ్?' అని అడగొద్దు. అందరూ 'ఎస్' అనే అంటరు. మనం తల ఊపేది అవుననో కాదనో వేరే దేశపోళ్లకు అర్థం కూడా కాదు. 'టెల్ మీ, వాట్ ఫస్ట్?' అని అడగండి. ఆయన తిరిగి చెబితేనే అందినట్టు. మనకు అర్థం కాకపోతే 'సే ఎగైన్, ప్లీజ్' అనడం నామోషీ కాదు.

ఇగ ప్రాక్టీసు. చాయ్ పెట్టే కాడ మంచిగైతది. నేర్చుకునేటాయన ఇంగ్లీషుల చెప్పాలె, నేర్పేటాయన చెప్పింది చెప్పినట్టే చెయ్యాలె. 'పుట్ మిల్క్' అంటే పాల ప్యాకెట్ విప్పకుండనే గిన్నెల పెట్టాలె. అందరూ నవ్వుతరు, ఆయనా నవ్వుతడు, వెంటనే 'ఓపెన్, పోర్' అని సరిచేస్తడు. యాస మీద మాత్రం నవ్వకండి. నలభై ఏండ్ల మనిషి ఒక్కసారి చిన్నబోతే మళ్లీ క్లాసుకు రాడు.

ఎండకాలం కోసం ఒక వరుస అందరికీ నోటికి రావాలె. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఖతార్‌ల పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండల పని బంద్. అయినా తొమ్మిదింటికే మనిషి తూలిపోవచ్చు. అప్పుడు పక్కన ఏ దేశపోడున్నా ఇట్లా చెప్పాలె: 'స్టాప్ వర్క్. టేక్ హిమ్ టు షేడ్. బ్రింగ్ కోల్డ్ వాటర్. కాల్ నైన్ నైన్ నైన్.' స్పృహ ఉంటేనే నీళ్లు తాగించాలె, లేకుంటే ఒళ్లు తడపాలె.

వచ్చే శుక్రవారం అన్నం తిన్నంక ఇదే హాల్ల కలుద్దం. రూముకు ఒక కొలత టేపు, ఒక స్పానర్ పట్టుకురండి.