శిశువిహారమున వాంతిభేదులు
వానకాలమున సికింద్రాబాదు శిశువిహారములలో నొక బిడ్డకు వాంతియైనంతనే, తక్కిన పిల్లలను పక్కగదికి పంపి, ఆ తావును బ్లీచింగు నీటితో తుడిచి, ఆయా తన చేతులను సబ్బుతోనే కడుగుకొనవలెను. ఏలయన, వాంతిభేదులను కలిగించు నోరోవైరసును శానిటైజరు చాలినంతగా చంపజాలదు. ఆ సాయంకాలమే, బిడ్డ పేరు చెప్పక, లక్షణములను మాత్రము తెలుపుచు తల్లిదండ్రులందరికిని చీటీ పంపవలెను. బడికి చెడ్డపేరు వచ్చునని దాచుట పసివారికి ద్రోహము. వాంతులు, విరేచనములు నిలిచిన పిమ్మట 48 గంటలవరకు బిడ్డ నింటనే యుంచి, ఓఆర్ఎస్ నీటిని చెంచాతో కొద్దికొద్దిగా పట్టుడు. సెలవు దొరకని తల్లుల కిది యెంత కష్టమో యెరుగుదును. యజమానులారా, వారికి సెలవు నిరాకరింపకుడు. పసివారి విరేచనములకు మరియొక కారణమైన రోటావైరసును అడ్డుకొనుటకు, 2016లో సార్వత్రిక టీకాల పథకమున చేరిన చుక్కలను 6, 10, 14 వారముల వయస్సున వేయింతురు. శిశువిహార నిర్వాహకులారా, బిడ్డను చేర్చుకొనునాడే ఆ టీకా కార్డు నడిగి చూడుడు.