పిల్లల దిగులు - ఇంటి పరిస్థితులు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు దిగులేమిటి, అన్నం తిని ఆడుకునేవాళ్ళే కదా అని మనలో చాలామంది అనుకుంటాం. అది పొరపాటు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. అందులో డిప్రెషన్ ఒకటి. పిల్లలు దాన్ని దిగులని చెప్పరు. కడుపునొప్పి అంటారు, ఊరికే విసుక్కుంటారు, ఆటకు పోరు, మార్కులు తగ్గుతాయి. మనం సోమరితనమని తిడతాం, లేకుంటే తావీజు కట్టిస్తాం.

దీనికీ బీదరికానికీ సంబంధం ఉన్నదా? ఉన్నది. అయితే అది ఇంటి మనుషుల మీదుగా వస్తుంది. 1930 ప్రాంతాల్లో అమెరికాలో తండ్రుల ఉద్యోగాలు, ఆదాయాలు పోయిన కాలంలో పెరిగిన పిల్లల గురించి గ్లెన్ ఎల్డర్ అనే శాస్త్రవేత్త 1974లో ఒక గ్రంథం వెలువరించారు. డబ్బు పోయిన దెబ్బ పిల్లలకు చాలావరకు ఇంట్లో మారిన సంబంధాల ద్వారానే తగిలిందని అందులో చూపారు.

మన ఇళ్ళలోనూ ఇంతే. ఆటో వాయిదా కట్టలేని తండ్రి కోపం పిల్లవాడి వీపు మీద తీరుతుంది. అర్ధరాత్రి దాకా మిషను మీద జాకెట్లు కుట్టే తల్లికి బిడ్డను పలకరించే ఓపిక ఉండదు. ఇంటికి తానే బరువని ఆ పసిమనసు అనుకుంటుంది.

6 నుండి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి మొహం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. బీదరికమే కారణమని మనం ఊరుకుంటాం. సిగ్గు కూడా ఒక కారణమే.

నేను పంతులుని. ఒక ఏడు ఇలాంటి వేదిక మీదే ఒక అబ్బాయిని పిలిచి, నిరుపేద విద్యార్థి అని మైకులో చెప్పి, నోటు పుస్తకాలిచ్చి ఫోటో తీయించాం. మరుసటి ఏడు అతడు రాలేదు. కారణమడిగితే తల వంచుకుని, "పుస్తకాలు వద్దు సార్, మైకులో పేరు చదవొద్దు" అన్నాడు. ఆ పేరు చదివింది నేనే.

గుప్తదానం మేలని మన దీన్ చెబుతున్నది కదా! కాబట్టి నా మనవి మూడు మాటలు. ఫీజుల సహాయం నేరుగా బడికే కడదాం, వేదిక మీద చదువుకు బహుమతులు మాత్రమే ఇద్దాం. అప్పుల తగవులు పిల్లల ముందు పెట్టుకోకుండా, రోజుకు ఒక్కపూటైనా వాళ్ళతో కలిసి కూర్చుని తిందాం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపిద్దాం. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

అల్లాహ్ మన పిల్లలను చల్లగా చూచుగాక. ఆమీన్. సెలవు.