అడ్డుగోడ దాటివచ్చు రొద

ఇంట మిక్సీ తిరుగగానే రేడియోలో పాట గరగరలాడుట శ్రోతలందరు ఎరిగినదే. మిక్సీ మోటారు బ్రష్షుల యొద్ద పుట్టు నిప్పురవ్వలే దానికి కారణము. కాని రవ్వలు లేని చోటనుండియు రొద పుట్టును. కర్మాగారములలో యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుటకై వాడు ట్రాన్స్‌సీవరు చిప్పు అట్టిది. సంకేతములను పంపుటయు గ్రహించుటయు దాని పనియే. ఆర్.ఎస్.-485 అను పద్ధతిలో దాని తీగ 1200 మీటర్ల వరకు పోవచ్చును.

ఇంత పొడవైన తీగకు రెండు కొనలయందును గ్రౌండు ఒకే వోల్టేజిలో నుండదు. సమీపమున పిడుగు పడినను, పెద్ద మోటారు కదలినను ఆ తేడా పెరిగి యంత్రమును కాల్చవచ్చును. ముట్టుకొన్న మనిషికిని ముప్పే. కావున చిప్పు నడుమ విద్యుత్తును దాటనీయని అడ్డుగోడ నొకదానిని నిలిపిరి. ఒక నిమిషముపాటు 2500 వోల్టుల నోర్చు గోడలు మామూలే.

చిక్కంతయు గోడకు ఆవలి ప్రక్కకు శక్తి నందించుటలో నున్నది. కొన్ని చిప్పులు ఈ పనిని తమలోని అతి చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో చేయును. అంత చిన్నది పనిచేయవలెనన్న కంపనము మిక్కిలి వేగముగా నుండవలెను. కొన్నిటిలో అది సెకండుకు 18 కోట్ల పర్యాయములు, అనగా 180 మెగాహెర్ట్జులు. చుట్టల నడుమనున్న సందుగుండ కొంత ప్రవాహము ఆవలికి జారును. జారినది తిరిగి రావలెను గదా? దారిని మనమే మూసితిమి. అప్పుడు ఇరుప్రక్కల గ్రౌండు రాగిరేకులు రెండును, చేతులు చాచిన ఏరియలు వలె, ఆ శక్తిని గాలిలోనికి వెదజల్లును. తీగ తగిలించితిమా, ఏరియలు మరింత పొడవగును. మనిషిని కాచుటకు కట్టిన గోడయే రొదకు కారణమగుట రేడియోవారమగు మాకు విచిత్రముగనే తోచినది.

విరుగుడు బోర్డు గీయువాని చేతిలో నున్నది. నాలుగు పొరల బోర్డులో, లోపలి రెండు పొరలయందు ఈవలి గ్రౌండు రేకును ఆవలి గ్రౌండు రేకును ఒకదానిపై నొకటి కొంతమేర వచ్చునట్లు, కాని తాకనట్లు, సాగదీయుదురు. 10 చదరపు సెంటీమీటర్ల మేర, నడుమ 0.4 మిల్లీమీటరు ఎడము నుంచినచో, సుమారు 100 పికోఫారడుల కెపాసిటరు బోర్డులోనే ఏర్పడును. 180 మెగాహెర్ట్జుల ప్రవాహమునకు అది దాదాపు 9 ఓముల అడ్డు మాత్రమే. జారినది ఆ దగ్గరి దారినే వెనుకకు వచ్చును. 50 హెర్ట్జుల మన ఇంటి కరెంటుకో, 3 కోట్ల ఓములకు పైబడిన అడ్డు!

బయట ఒక కెపాసిటరును అతికింపరాదా యని అడుగవచ్చును. అతికింపవచ్చును గాని, ఇంత వేగమునకు దాని కాళ్ల పొడవే ఆటంకమగును. పొరలలోని కెపాసిటరే మేలని మా అభిప్రాయము. అయితే చిప్పు క్రింద, గోడకు నేరుగా, బోర్డు పైభాగమునను అడుగుభాగమునను రాగి యుండరాదు. ధూళియు తేమయు పట్టినచో అచ్చట విద్యుత్తు ఉపరితలముమీద ప్రాకగలదు. లోపొరల ఎడమును తగ్గించినకొలది రొద తగ్గును, రక్షణయు తగ్గును. నిర్ణీతమైన వోల్టేజి నోర్చు ఎడమును ఎంత రొద తగ్గునన్నను కుదింపరాదు.

ఇక చిప్పునకు శక్తి నిచ్చు కాళ్ల ప్రక్కనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరును, ఆవలి సరఫరా దారిలో ఫెర్రైటు పూసలను అమర్చుటయు వాడుకలో నున్నది.

రేడియో వినికిడిని కాపాడుటకై 1934లో ఏర్పడిన సిస్పర్ అను అంతర్జాతీయ సంఘము ఇట్టి రొదకు హద్దులు గీచినది. ఇండ్లలో వాడు ఉపకరణములకు, 30 నుండి 230 మెగాహెర్ట్జుల వరకు, 10 మీటర్ల దూరమున మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులు హద్దు. కర్మాగారముల పరికరములకు 100 వరకు అనుమతి కలదు. కొలుచునపుడు తీగను తగిలించియే కొలుతురు.