ఇంటి చేతిపని - లెక్కకు రాని కూలి
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల పాటలు విని, నాటిక చూచి ఆనందింప వచ్చిన మీకు నడుమ నా ప్రసంగమొకటి వినవలసివచ్చుట కొంచెము కష్టమే. కావున దీర్ఘోపన్యాసము చేయను. మన యిండ్లలో ప్రతిదినము జరుగుచుండియు, మన మెన్నడును కూర్చుండి మాటాడుకొనని యొక విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అది యింటివద్ద చేతిపని చేసి అమ్ముకొను స్త్రీల విషయము.

సభ ప్రారంభము కాకమునుపు, విద్యార్థుల తల్లులు తాము చేసిన వస్తువులను పెట్టియుంచిన బల్లలను చూచితిని. అల్లిక గుడ్డలు, పూసల దండలు, గుడ్డ సంచులు, అప్పడములు కలవు. ఒక తల్లి చేసిన అల్లిక గుడ్డ చాల అందముగా నున్నది. వెల యడిగితిని, చెప్పినది. ఎన్ని దినములు పట్టినదని యడిగితిని. ఆమె నవ్వి, "ఇంటి పనేగదా బాబూ, దానికి లెక్కేటి?" అన్నది. ఆ మాట వినయముతో అన్నదే. కాని నేనాడదలచిన ప్రసంగమంతయు ఆ యొక్క మాటలోనే యున్నది. దారమునకు లెక్క కలదు, సూదికి లెక్క కలదు, బస్సు చార్జీకి లెక్క కలదు. చేతికి మాత్రము లెక్క లేదు!

ఈ లెక్క లేకపోవుట నేటి మాట కాదు, మన యొక్క యింటి మాటయు కాదు. మనకు దగ్గరనున్న బరంపురమునే చూడుడు. బరంపురము పట్టు పేరు విననివారు మనలో లేరు. 'ఫొడా కుంభ' చీరయు, మగవారు ధరించు 'జోడు'ను నేడు భౌగోళిక సూచిక గుర్తింపు పొందియున్నవి. ఈ పట్టు నేయు డేరా కులస్థుల పూర్వులు మహురీ రాజుల కాలమున తెలుగు దేశమునుండి వచ్చి యచట స్థిరపడిరని ప్రతీతి. రెండేండ్ల కొకసారి జరుగు బుడీ ఠాకురాణీ యాత్రలో అమ్మవారు గుడి వెడలి, వీరి కులపెద్దయైన దేశీబెహరా వీథికి పుట్టింటికి వచ్చు ఆడపడుచువలె వచ్చును. ఊరంతయు ఆ ఆడపడుచునకు పసుపు కుంకుమలతో స్వాగతము పలుకును.

మరి మగ్గమున్న యింటి ఆడపడుచు మాట యేమి? మగ్గము గుంటలో కాళ్ళుంచి నాడె విసరు వాని చేయి యందరికిని కనబడును. తెల్లవారుజామున లేచి రాట్నముకడ కూర్చుండి కండెలు చుట్టు చేయి కనబడదు. పడుగు సిద్ధపరచునప్పుడు పోగులందించునది, తెగిన పోగు నతుకునది ఇల్లాలు, కోడలు, ముసలి యత్తగారు. షావుకారు మజూరి యిచ్చునప్పుడు చీర కింతయని లెక్కగట్టి యొక చేతికే యిచ్చును. ముగ్గురు చేసిన పనికి ఒకరి పేరు. ఇందు షావుకారు తప్పొక్కటియే కాదు, ఇంటిలోని మనమును ఆ లెక్కనే ఒప్పుకొనియున్నాము.

ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము పశ్చిమ గోదావరి సీమలోని నరసాపురమున కలదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున క్రైస్తవ మిషనరీలు అచటి బీద స్త్రీలకు సన్నని నూలుతో లేసు అల్లుట నేర్పిరి. ఆ పని క్రమముగా ఆ చుట్టుపట్ల గ్రామములకెల్ల వ్యాపించి, విదేశముల మేజాలమీదికి చేరినది. 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీలను గూర్చి యొక గ్రంథము ప్రచురించినది. ఆమె చూచిన దేమనగా, ఒక లేసు గుడ్డ యొక చేతిలో పుట్టుట లేదు. పువ్వులల్లు 'చేతిపని' యొకరిది, వానిని కలుపు 'అతుకుపని' వేరొకరిది, నడుమ ఏజంట్లు, పైన ఎగుమతి వర్తకులు. ఇంటిపని కాక దినమునకు ఆరు ఎనిమిది గంటలు సూది విడువని స్త్రీలను వర్తకులు పనివారనలేదు, 'గృహిణులు' అనిరి. వారు చేయునది పని కాదు, తీరిక వేళ కాలక్షేపమనిరి. కాలక్షేపమునకు కూలి యేల? అందువలన కూలి అత్యల్పమైనది. అంతకన్న విచారకరమైన దేమనగా, ఆ స్త్రీలలో పలువురు తామును అట్లే తలచిరి. 2024లో నరసాపురపు లేసునకును భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. వస్తువునకు గౌరవము వచ్చినది, సంతోషమే. ఆ గౌరవము చేతికిని రావలెను.

ఇక మన బల్లమీది అల్లిక గుడ్డకు వత్తము. నేనిప్పుడు చెప్పు అంకెలు ఊహించినవి, పద్ధతి తెలియుటకు మాత్రమే. దారము 90 రూపాయలు. రాకపోకలకు, కాగితపు పొట్లమునకు 20 రూపాయలు. గుడ్డ 260 రూపాయల కమ్మినారు. 150 మిగిలినదని ఇంటిల్లిపాది సంతోషించిరి. కాని ఆ గుడ్డకు 15 గంటలు పట్టినది. అనగా గంటకు 10 రూపాయలు. ఆ 150 లాభము కాదు, కూలియైనను కాదు. కన్నులు పోగొట్టుకొని చేసిన దానము! గంటకు 30 రూపాయలైనను కూలి వేసికొన్నచో, ఆ గుడ్డ వెల 560 కావలెను. బజారు 560 ఇచ్చునా? ఈయకపోవచ్చును. అప్పుడు చేయవలసినది కూలిని మరచుట కాదు, ఆలోచించుట. అందము చెడకుండ తక్కువ గంటలలో ముగియు నమూనా కలదా? నలుగురు కలిసి దారము టోకున కొన్నచో చౌకయగునా? నడుమనున్న వర్తకుని విడిచి కొనువారికే నేరుగా అమ్మవచ్చునా? ఇవి యేవియు సాధ్యము కానిచో, ఆ వస్తువును అమ్మకమునకు చేయుట మానివేయుటయే మేలు. ఇష్టమున్న మన యింటికై అల్లుకొందము. మంచి పనియైన ప్రతిదియు మంచి వ్యాపారము కాదు. ఈ సంగతి లెక్క వేసినవారికే తెలియును.

కావున నా మొదటి విన్నపము: ఒక చిట్టా పుస్తకము పెట్టుడు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు వ్రాయుట మన పెద్దలెరిగినదే. దానికి మూడవ వరుస యొకటి చేర్చుడు: గంటలు. ఎవరు చేసిరో వారి పేరు, ఎన్ని గంటలు చేసిరో ఆ సంఖ్య. అత్తగారు చుట్టిన దారమునకు అత్తగారి పేరు, కోడలు కుట్టిన అంచునకు కోడలి పేరు. మన యూరికి చేరువనే జౌగడ కొండరాతిమీద అశోకుని శాసనములు రెండువేల రెండువందల యేండ్లు దాటియు నిలిచియున్నవి. చక్రవర్తి మాటయైనను వ్రాయుటచేతనే నిలిచినది. మన చేతి కష్టము వ్రాయనిచో ఆ సాయంకాలమునకే మాసిపోవును.

రెండవ విన్నపము: ఇంటి సొమ్మును, పని సొమ్మును కలుపకుడు. దారమునకై దాచినది బియ్యమునకు పోయినచో, మరునాడు దారము అప్పు తేవలసివచ్చును. అప్పిచ్చినవాడే సరుకు కొనువాడైనచో, వెల అతడే చెప్పును. నరసాపురమైనను, నేతగాని యిల్లైనను, పతనమైన ప్రతిచోటను ద్వార మిదియే. ఎవరైన ప్రత్యేకముగ చేసిపెట్టుమన్నచో, దారము ఖర్చు బయానాగా పుచ్చుకొనుడు. ఎరిగినవారని మొగమాట పడకుడు. ఎరిగినవారే అప్పు పెట్టుదురు!

మూడవది: ఒంటరిగా ఉండకుడు. 1959 మార్చి 15న బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు చేయ నారంభించిరి. అదియే లిజ్జత్ సంస్థ. వారు విరాళము కోరలేదు, అప్పు తీర్చిరి. అచట పిండి కేంద్రమున కలిపి యిత్తురు. సభ్యురాలు దానిని ఇంటికి కొనిపోయి ఒత్తి, మరల తెచ్చి యిచ్చును. నాణ్యము చూచి, తూకము ప్రకారము కూలి యిత్తురు. పని ఇంటనే జరుగుచున్నను, లెక్క పదిమంది యెదుట జరుగును. పనిచేయు ప్రతి స్త్రీయు యజమానురాలే. నేడు ఆ సంస్థలో నలుబది వేలకు పైగా స్త్రీలు కలరు. అప్పడములకును ఊరగాయలకును పేరుగన్న బరంపురము ప్రాంతమువారమైన మనము ఏడుగురము చేరలేమా?

ఇక పిల్లల మాట. ఈ సభలో దీనిని చెప్పక పోరాదు. తల్లి చేతికి లెక్క లేనిచోట బిడ్డ చేతికిని లెక్క ఉండదు. "కొంచెము కండెలు చుట్టిపెట్టమ్మా" అని మొదలై, పండుగ ముందు వారము, ఆపై పంటల వేళ, ఆపై బడి మానుట జరుగును. మానునది తరచుగా ఆడపిల్లయే. 2016లో సవరించిన చట్టము, పదునాలుగేండ్ల లోపు పిల్లలు బడి గంటల తరువాతను, సెలవులలోను మాత్రమే, అపాయము లేని కుటుంబ వృత్తికి సాయపడవచ్చునని చెప్పుచున్నది. తల్లి విద్య బిడ్డ నేర్చుట నాకు ఇష్టమే, నేర్వవలెను కూడ. కాని బడి గంటలు కొల్లగొట్టి చేసిన గుడ్డ యెంత అందమైనదైనను, దాని వెల ఏ చిట్టాలోను సరిపోదు. బిడ్డచే దారము చుట్టించుటకు బదులు చిట్టా వ్రాయింపుడు. మూడవ వరుస కూడికలు చేయింపుడు. పాఠశాలలో నేర్చిన గణితము ఆ సాయంకాలమే ఇంటికి అక్కరకు వచ్చును. తన తల్లి యెన్ని గంటలు కష్టపడినదో ఆ బిడ్డకు తెలియును. ఆ తెలివి ఏ పాఠ్యపుస్తకములోను దొరకదు.

భాషను గూర్చి యొక మాట చెప్పి ముగించెదను. 1936 ఏప్రిలు 1న గంజాము ఒరిస్సాలో చేరిననాటినుండి మన పిల్లలు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు. దీనిని కొందరు భారమందురు. వ్యాపారమున ఇది భాగ్యము. పురుషోత్తంపూరు బజారున బేరమాడుటకు ఒరియా చక్కగా రావలెను. మనకు ఇరుగుపొరుగై, కొనువారై, ఆదరించువారై యున్నది ఒరియా సోదరులే. ఇంటి చిట్టా వ్రాసికొనుటకు, తల్లికి చదివి వినిపించుటకు తెలుగు రావలెను. చదువురాని తల్లి తన లెక్క తానే విని, "ఇది తప్పు, ఆ దినము నేనింకొక గంట చేసితిని" అని దిద్దగలిగిన భాష ఆమె మాతృభాషయే. ఈ పాఠశాలలో తెలుగు అక్షరము నిలుపుట కేవలము పద్యముల కొరకే కాదు, ఆ దిద్దుబాటు కొరకును.

బల్లయొద్ద నాతో మాటాడిన తల్లి ఈ సభలోనే యున్నది. అమ్మా! తమ మాట నెత్తి చెప్పినందుకు మన్నింపుడు. తమ గుడ్డ నేను కొనదలచితిని. కాని తాము చెప్పిన వెలకు కాదు. ఎన్ని గంటలు పట్టినదో తమ బిడ్డచే వ్రాయించి పంపుడు. ఆ లెక్క చూచి వెల యిచ్చెదను.