మృదంగము చేయు చేయి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. పగలెల్ల పద్దులతో ప్రొద్దుపుచ్చి, రాత్రులందు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి నాలుగక్షరములు నేర్చుకొన్నవాడను. నాకు తెలిసిన కొలదిపాటి విద్య ఈ బీరువాలు పెట్టిన భిక్షయే. కాని నేడు నేను మాటలాడదలచినది బీరువాలో నిముడని యొక విద్యను గూర్చి. అది వాద్యములను నిర్మించు విద్య. ఒకప్పుడు తండ్రి కొడుకునకు మాత్రమే చూపిన ఆ పనితనము నేడు అంతర్జాల దృశ్యములలో, అనగా మన పిల్లలు చూచు వీడియోలలో, ఎల్లరకు కన్పట్టుచున్నది. దీనివలన మేలెంతయో, కీడెంతయో విచారింతము.

భరతముని నాట్యశాస్త్రమున ముచ్చటైన కథ యొకటి గలదు. స్వాతి యను ముని వర్షాకాలమున నొకనాడు నీటికై సరస్సునకు పోయెను. వానచినుకులు తామరాకులపై బడి, పెద్ద యాకుపై నొకవిధముగ, నడిమి యాకుపై నొకవిధముగ, చిన్న యాకుపై మఱియొక విధముగ మ్రోగెను. ముని ఆ ధ్వనులను మనసున నిలుపుకొని ఆశ్రమమునకు వచ్చి, విశ్వకర్మ సాయమున పుష్కరవాద్యములను నిర్మించెనట. ఆ గ్రంథముననే, వాద్యపు మూతకు పూయుటకు నదీతీరమందలి మెత్తని నల్లమన్ను తగినదనియు, అది లేనిచో గోధుమపిండియో యవలపిండియో వాడవచ్చుననియు వివరింపబడినది. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. విశ్వకర్మ చేయి కదలకమున్నే స్వాతి చెవి విన్నది. తెలిసిన కిటుకును శాస్త్రకారుడు దాచలేదు, లోకమున కిచ్చెను.

ఇక మన యూరి సంగతి. మన భజన మందిరపు మృదంగము మీరెల్ల నెఱిగినదే. ఏటేట శ్రీరామనవమికి ముందు పొరుగూరినుండి యొక పనివాడు వచ్చి దానిని బాగుచేసి పోయెడివాడు. ఆయన కాలము చేసెను. కుమారుడు పట్టణమున కట్టడపు పనికి పోయెను. కొన్నియేండ్ల క్రిందట మన భజన బృందమందలి యువకుడొకడు వీడియో చూచి తానే ఆ పనికి పూనుకొనెను. తోలువార్లను బిగించుట, వాని క్రింద కొయ్యముక్కలను సర్దుట వానికి చక్కగనే పట్టుబడెను. ఆ ధైర్యముతో కుడిమూతమీది నల్లని మందును గూడ తానే వేసెను. అన్నమును నల్లరాతిపొడిని కలిపి నూరి, ఒక్క రాత్రిలో దట్టముగ పూసెను. నవమినాడు రెండవ కీర్తన ముగియకముందే అది పెచ్చులుగ ఊడిపడెను. సభలో కొందఱు నవ్విరి. వాడు నవ్వలేదు.

మఱునాడు ఆ మృదంగమును, ఫోనును పట్టుకొని, ఎనిమిది క్రోసుల దూరముననున్న మఱియొక వృద్ధుని యొద్దకు పోయెను. నేనును వెంట పోయితిని. వృద్ధుడు వీడియోను శ్రద్ధగ చూచి యిట్లనెను: “ఆయన చూపింది నిజమే బాబూ. కాని పూసిన ప్రతి పొరనూ ఆరేదాకా రాయితో రుద్దుతూనే ఉండాలి. అది ఎంతసేపో ఇందులో లేదు.” “ఎప్పుడు ఆపాలి తాతా?” అని వీడడిగెను. “చెవి దగ్గర పెట్టి వాయించుకో. అదే చెబుతుంది” అని ఆయన సమాధానము.

పలుచని పొరమీద పొర వేసి, రాతితో నునుపు చేయుచు, సన్నని బీటలు పాఱునట్లు చేయుటయే ఆ పనియందలి మర్మము. ఆ నల్లని మందు అలంకారము గాదు. మామూలు డప్పుచర్మమునుండి పుట్టు ధ్వనులు ఒకదానితో నొకటి పొసగవు. మన మృదంగమున మాత్రము అవి తంత్రీనాదమువలె శ్రుతిలో పొసగుటకు ఈ పూతయే కారణమని సర్ సి. వి. రామన్ 1920లోను, మఱల 1934లోను తన వ్యాసములలో విశదపఱచెను. ఆ మహాశాస్త్రజ్ఞుడు వివరించిన దానిని అక్షరము రాని చేతులు అంతకుముందు ఎన్ని తరములనుండియో చేయుచుండెను!

కావున వీడియో కన్నుకు చూపును, చెవిని పెంచలేదు. పండ్రెండు నిమిషముల దృశ్యములో కొన్ని దినముల పని ఇమిడియుండును. ఓర్పు నంతయు కత్తిరించి, ఫలితమును మాత్రమే చూపును. అట్లని దానిని త్రోసివేయరాదు. ఇటలీలోని క్రెమోనా పట్టణమున ఆంటోనియో స్ట్రాడివరి యను వయొలిన్ శిల్పి 1737లో మరణించెను. ఆయన వాడిన కొయ్య అచ్చులు, నమూనాలు, పనిముట్లు పెక్కు నేటికిని ఆ పట్టణపు వయొలిన్ మ్యూజియమున భద్రముగ నున్నవి. కాని ఆయన చేయి చెక్కపై నెట్లు నడచెనో చూచినవారెవ్వరును మిగులలేదు. అచ్చులు నిలిచినవి, నడక పోయినది. ఆ నడకను పట్టి నిలుపగల సాధనము మనకు నేడు చేతిలో నున్నది.

మేము ఆ వృద్ధునితో, “మీ పనిని వీడియో తీయుదుమా?” యని యడిగితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప, “అందరికీ చూపిస్తే నా కొడుక్కి ఏం మిగులుతుంది బాబూ?” అనెను. ఆ ప్రశ్నకు నాడు నాకు బదులు తోచలేదు. నేడు కొంత చెప్పగలను.

దాచినంతమాత్రమున విద్య దక్కదు. గాయములకు పసుపు మందని మన యింటింట తెలిసినదే. అయినను 1995లో అమెరికాలో దానిపై పేటెంటు హక్కు నీయబడెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాతగ్రంథములను, ముద్రిత వ్యాసమును సాక్ష్యముగ చూపినందున 1997లో అది రద్దయ్యెను. అందఱ యెదుట నమోదైన విద్యను తనదని మఱియొకడు చెప్పుకొనుట కష్టము. కాని ఇది సగము సమాధానమే. పేటెంటు రాకపోవచ్చును, పనివానికి కూలియు రాకపోవచ్చును. వీడియో తీసినవానికి లాభము, చేసినవానికి దండము మాత్రమే యైనచో, అది ఖర్చు వ్రాసి జమ వ్రాయని పద్దు. అట్టి పద్దుపై నేను సంతకము చేయను.

ఇందు డబ్బుకంటె పెద్ద బాకీ యొకటి గలదు. 2020లో టి. ఎం. కృష్ణ వ్రాసిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథము మృదంగములను చేయువారి చరిత్రము. విద్వాంసుల పేర్లు మనకు కంఠస్థములు; వారి మృదంగములను చేసిన దళిత కుటుంబములవారి పేర్లు అడిగినవారెందఱు? తోలు పదునుపెట్టిన చేతిని ఊరి వెలుపల నుంచితిమి. ఆ తోలు పలికిన నాదమును దేవుని యెదుట నుంచితిమి. ఈ బాకీ నా తాతలనాటిది. తీర్చవలసిన వంతు మనది.

1935లో కృష్ణ కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవలో పుస్తకములు పంపి పల్లెలవారిచే చదివించిన దేశము మనది. ఆ పెద్దల బాటలో మన గ్రంథాలయము ఈ పని చేపట్టవలెనని నా విన్నపము. ఆ వృద్ధుని సమ్మతితోనే వీడియో తీయుదము. మొదటిమాటగ ఆయన పేరును, ఊరిని చెప్పుదము. ఆయన వలదన్న భాగమును చూపకుందము. పొర యారువఱకు వేచియుండు గడియలను కత్తిరింపక యుంచుదము. ప్రతి పొరకు ముందును, వెనుకను నాదమును వినిపింతము. పనిదినములకు తగిన ప్రతిఫలము ముందే చెల్లింతము. ప్రతి నొకదానిని ఈ బీరువాలో భద్రపఱతము.

మొన్న మఱల పోయి ఈ షరతులను చదివి వినిపించితిని. ఆయన యింకను సరేయనలేదు. “ఆ కట్లు వేసే వీడియో ఇంకోసారి చూపించు బాబూ” అని మాత్రము మన యువకు నడిగెను. వేఱొక ప్రాంతపువారు వార్లు అల్లు పద్ధతిని డెబ్బదియేండ్లు దాటిన ఆ గురువు శిష్యునివలె చూచుచుండెను. నాకు ఆశ కలిగినది.

వచ్చు శ్రీరామనవమికి ఆయనను పిలిచి, ఈ వేదికపై కుర్చీవేసి కూర్చుండబెట్టుదము. వీడియో సంగతి ఆ తరువాత.